కాలువ కొసన ఫోటో

సూర్యాపేట,
29 ఆగస్టు 1970.

అక్కకు పాండురంగం నమస్కారం.

నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను అని ఎప్పుడూ రాసే ముక్కలు ఈసారి వదిలేస్తున్నాను. జాబు తర్వాత చదువుదువు గాని, ముందు కవరులో మడిచి పెట్టిన పేపరు ముక్క చూడు. చూశావా? మధ్యలో బోనమెత్తుకుని నిలబడ్డది ఎవరనుకున్నావు? నువ్వే! కింద అక్షరాలు కూడా చదువు: "కాలువ కొసకు చేరిన సాగర్ నీరు. గంగమ్మకు బోనాలెత్తిన అనంతగిరి ప్రాంత మహిళలు." దాని కింద చిన్నగా "మా సూర్యాపేట విలేకరి" అని ఉంది చూడు. ఆ విలేకరి నీ తమ్ముడే.

పొద్దున బస్టాండులో నా పేపరు కొట్టు ముందు జనం మూగారు. "గామె మా అక్క" అని ఎంతమందికి చెప్పానో. పేపర్లమ్ముకునేవాడికి వార్తలెక్కడివని వెక్కిరించిన వాళ్లే ఈరోజు చాయ్ తాగించారు.

ఆ రోజు నేనే రావలసింది. పేపరు కట్టలు దించుకోవడానికి మనిషి దొరకక కోదాడ స్టూడియో జగన్మోహన్‌ను పంపాను. మిర్యాలగూడ కాలువ ఆఫీసు నుంచి కొసకు నీళ్లు చేరాయని కాగితం వచ్చింది, అతని ఫోటో వచ్చింది. రెండూ కలిపి పంపాను. సాయంత్రం రేడియోలో కూడా అదే వార్త. నేను రాసింది రేడియో చెప్పిందో, రేడియో చెప్పేదే నేను రాశానో తెలియదు గాని, నాకు మాత్రం మహా సంతోషంగా ఉంది.

బావకు నమస్కారాలు. ఇక జొన్నలు మాని వరి వేయమని చెప్పు. మెట్ట బతుకులు ఖతం!

నీ తమ్ముడు,
పాండు.


అనంతగిరి,
4 సెప్టెంబరు.

చిరంజీవి పాండుకు అక్క లీలావతి దీవెనలు.

పేపరు ముక్క అందింది. ఊళ్లో చేతులు మారి మారి మడత దగ్గర చిరిగితే, మెతుకుతో అంటించి పెట్టుకున్నాను. అందరూ మురిసిపోయారు, మా అత్త కాటమ్మ తప్ప. ఆమె తల ఫోటో అంచున తెగిపోయిందట. "నా బోనం పడ్డది, నా మొకం పడలే! మీ తమ్ముడు కావాలనే కోసిండు" అని నీ మీద అలిగింది. నిన్ను మీ బావ మెచ్చుకున్నంతగా మన నాయన కూడా ఎన్నడూ మెచ్చుకోలేదు. "బామ్మర్ది అచ్చేసిండంటే ఇగ తిరుగులేదు" అని జొన్న చేను దున్ని, గట్లు పోసి, మడి చేస్తున్నాడు. బావి కింద నారు ఉండనే ఉంది. మొత్తం చేను వరే.

ఒక్క సంగతి అడగాలని ఉంది. నీళ్లు ఎప్పుడొస్తాయి?

పేపర్లో ముందే వేశారు కదా, ముహూర్తం ఏదన్నా రాశారేమోనని రెండు పక్కలా తిప్పి చూశాము. వెనక పంటినొప్పి మందు ప్రకటన ఉంది. మా అత్త అంది: "పెండ్లి కార్డు ముందుగాల్నే అచ్చేస్తరు గద, గిది గూడ గంతే. కార్డు ముందు, పెండ్లి ఎనుక." అందరికీ అదే సరిగ్గా అనిపించింది.

ఆ రోజు సంగతి జగన్మోహన్ చెప్పే ఉంటాడు. నీళ్లు ఆ పొద్దున వస్తాయని రేడియోలో విని మేము బోనాలు వండి, దీపాలు పెట్టి, ఎత్తుకుని కాలువ మీదికి పోయాము. కాలువలో మేకలు మేస్తున్నాయి. ఎండ నెత్తి మీదికొచ్చింది, నీళ్లు రాలేదు. ఇంటికి పోదామంటే అత్త కళ్లెర్రజేసింది. "ఎత్తిన బోనం మళ్లి ఇంటికి పోతదా? తల్లికి సూపిచ్చి ఎనక్కి గుంజుకుంటరా? తల్లి రాకుంటె మనమే తోడుకొద్దాం పట్టుండ్రి" అని అందరినీ మా మోటబావి దగ్గరికి తోలింది. బిందెలతో మోసి తూము ముందు గుంటలో పోశాము. గంగమ్మ గంగమ్మే కదా, బావిలో ఉన్నా కాలువలో ఉన్నా. పసుపు కుంకుమ వేసి బోనం సమర్పించాము. జగన్మోహన్ నల్లగుడ్డలో తల దూర్చి ఫోటో తీసుకుని, పులిహోర తిని పోయాడు.

ఇంతకూ ఎప్పుడొస్తాయో రాయి. మళ్లీ బోనం వండాలా, ఆ రోజుది సరిపోతుందా అని అత్త అడుగుతోంది.

అక్క,
లీలావతి.


సూర్యాపేట,
9 సెప్టెంబరు.

అక్కా,

నీ జాబు రెండుసార్లు చదివాను. బావి నీళ్లా? ఆ ఫోటోలో ఉన్నవి మీ మోటబావి నీళ్లా?

ఎంత పని చేశావు! జగన్మోహన్ ఒక్క ముక్క చెప్పలేదు. నిన్న కోదాడ పోయి నిలదీస్తే నింపాదిగా అన్నాడు: "ఫోటో తియ్యమన్నరు, తీసిన. నీళ్లు యాడివో అడగమన్లే గదన్నా." ఆఫీసు కాగితం మీద నీళ్లున్నాయి, ఫోటోలో నీళ్లున్నాయి. మధ్యలో నా పేరుంది. పేపరంటే పెండ్లి కార్డు కాదక్కా! జరిగింది రాసేది, జరగబోయేది కాదు. నువ్వు ఏడో తరగతి చదివావు, నీకూ తెలియలేదా? మీరు కాస్త ఓపిక పట్టి బోనాలు దించి ఉంటే ఇంత తలనొప్పి ఉండేది కాదు.

బావను నాట్లు ఆపమను. వెంటనే.

పాండు.


అనంతగిరి,
15 సెప్టెంబరు.

పాండూ,

దీవెనలు రాయడానికి కూడా చేయి రావడం లేదు. అయినా పెద్దదాన్ని కనుక రాస్తున్నాను, చల్లగా ఉండు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నది నువ్వు. ఇప్పుడు తప్పు నాది. మేము దేవుణ్ణి మొక్కాము, ఎవరికీ ఫోటో చూపించి నమ్మించలేదు. నీళ్లొచ్చాయని నేను అన్నానా, అత్త అందా, మాతో బోనమెత్తిన పక్కింటి అలివేలు అందా? మా నోట్లో మాట మా నోట్లోనే ఉంది. అచ్చులో మాట నీది. కాలువ కొసకు ఒక్కసారి వచ్చి కాలు తడిపి చూస్తే నీ కొట్టు మునిగేదా?

నాట్లు ఆపమన్నావు. నీ జాబు వచ్చేసరికి నాట్లు అయిపోయాయి. వానలు పడుతున్నాయి కనుక ఇప్పటికైతే మడి పచ్చగా ఉంది. వానలు పోయాక ఆ బావి ఎంతకని సరిపోతుంది? ఎప్పుడూ ఆ చేనులో జొన్నలు వచ్చేవి. ఏడాదంతా అవే తినేవాళ్లం. ఇప్పుడు వరి ఎండితే వరీ లేదు, జొన్నా లేదు. మీ బావతో ఈ మాటంటే ఆయన ఏమన్నాడో తెలుసా? "రేడియో చెప్పె, పేపరు చెప్పె, బామ్మర్ది చెప్పె. ముగ్గురు అబద్ధమాడ్తరా? వస్తున్నయేమో తియ్యి, జర ఆలస్యమైతున్నది గంతే" అన్నాడు. పొద్దున్నే లేచి కాలువ దాకా పోయి చూసి వస్తాడు. పేపరు నిజమా, మా కళ్లు నిజమా అని మా ఊళ్లో పంచాయితీ. సగం మంది పేపరు వైపే ఉన్నారు.

లీలావతి.


మిర్యాలగూడ,
2 అక్టోబరు.

అక్కకు,

కోపం తగ్గిందా? నాకు మాత్రం నా మీద కోపం తగ్గలేదు. నిన్న ఇక్కడికి వచ్చి కాలువ ఆఫీసులో కూర్చున్నాను. బియ్యం మిల్లుల పొట్టు గాలి కళ్లలో పడుతుండగా రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

కొసకు నీళ్లు చేరలేదని ఇంజనీరుగారికి చెప్పాను. ఆయన మంచిగానే కూర్చోబెట్టి, ఫైలు తెప్పించి విప్పారు. అందులో ఏముందనుకున్నావు? నేను రాసిన వార్త, నీ ఫోటో. "మీరే కదండీ రాసింది?" అన్నారు. ఆ కాగితం మీరే పంపారు కదా అన్నాను. "కింది నుంచి వచ్చిన రిపోర్టు పంపాం. అప్పుడు మాకూ అనుమానమే. పేపర్లో ఫోటో చూశాకే నమ్మకం కుదిరింది" అన్నారు. నేను వాళ్లను నమ్మి రాశాను, వాళ్లు నన్ను చూసి నమ్మారు! కొసకు నీళ్లు అందాయి కదా అని, పై ఊళ్లలో ఇంకా కొంత భూమికి వరి వేసుకోమని అనుమతి కూడా ఇచ్చారట. ఇప్పుడు నీళ్లన్నీ అక్కడే ఆగిపోతున్నాయి.

సవరణ వేయమని మా పత్రికకు రాశాను. జవాబు వచ్చింది: "ఫోటో వేసిన తర్వాత మాటలతో సవరణ వేస్తే ఎవరు నమ్ముతారు? ఫోటో ఉంటే పంపండి."

నా మీద నాకే అనుమానంగా ఉంది. నువ్వూ, కాటమ్మత్తా, అలివేలూ అందరూ కలిసి అవి బావి నీళ్లని ఆఫీసులో చెప్పండి. వేలిముద్రలు వేసి ఇవ్వండి. అంతకంటే దారి తోచడం లేదు.

పాండు.


కోదాడ,
19 అక్టోబరు.

చిరంజీవి పాండుకు,

జగన్మోహన్ స్టూడియోలో, తెర మీద గీసిన తాజ్‌మహల్ ముందు కూర్చుని రాస్తున్నాను. మీ బావ బయట నిలబడి బీడీ మీద బీడీ కాలుస్తున్నాడు.

వేలిముద్రల సంగతి చెబితే అత్త ఇల్లు పీకి పందిరి వేసింది. "తల్లి బోనమందుకున్నది. గియ్యాల పోయి గది ఉత్తుత్త బోనమని సర్కారుకు రాసిస్తనా? ఆమె కోపమొస్తె బాయి గూడ ఎండుతది!" అంది. ఆమె అనేసరికి తక్కిన ఆడవాళ్లందరూ వెనక్కి తగ్గారు. అలివేలు అయితే, "నిజంగ గా దినం కాల్వల నీళ్లొచ్చినయేమో అక్కా, మనమే మర్సినమా?" అంది. ఫోటో చూసి చూసి దానికి అట్లా అనిపిస్తోందట. దాన్ని తిట్టాను గాని, పాండూ, నీకు చెబితే నవ్వుతావు, ఆ ఫోటో చూస్తే నాకూ అప్పుడప్పుడు అట్లాగే ఉంటుంది.

చివరికి నేనూ మీ బావా ఇద్దరమే ఇక్కడి ఓవర్సీరు దగ్గరికి వచ్చాము. ఆయన కోస్తావైపు మనిషి, మర్యాదగానే మాట్లాడాడు. ఫోటో తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది మీరేనా అమ్మా?"

"నేనే."

"ఇవి నీళ్లేనా?"

"నీళ్లే. కాని మా బాయివి."

"ఫోటోలో బావి ఎక్కడుందండీ? కాలువే కదా కనబడుతోంది. నేను పైవాళ్లకు ఏం చూపించమంటారు, మీ మాటా, ఈ బొమ్మా?"

ఆ బొమ్మలో నేనే నవ్వుతున్నాను. నా మీద నేనే సాక్ష్యం చెప్పుకున్నట్టు అయింది. మీ బావ దండం పెట్టాడు. ఆయన దండం పెడుతుంటే చూడలేక బయటికి వచ్చేశాను.

వరి పొట్టకొచ్చింది. వానలు పోయి చాలా రోజులైంది, మడి నెర్రెలు పడుతోంది. బావిలో బొక్కెన అడుగున గీరుకుంటోంది. ఇంకో తడి అందకపోతే పొట్టలోనే ఎండిపోతుంది. పంట పోతే సాగర్ పనులకు కూలికి పోదామంటున్నాడు మీ బావ. సొంత చేను వదిలి, ఆ నీళ్లు ఆపే చోటికే కూలికి పోవాలట. నాకు ఏడుపొస్తోంది తమ్మీ. ఏదన్నా చెయ్యి.

అక్క.


సూర్యాపేట,
23 అక్టోబరు.

అక్కా, ఏడవకు.

ఫోటోను ఫోటోతోనే కొట్టాలి. ఎండిన కాలువను, మీ నెర్రెలు పడ్డ మడిని జగన్మోహన్ చేత తీయిస్తాను. అది అచ్చయితే ఎవరూ కాదనలేరు. అతనికి కబురు పెట్టాను, సోమవారం పొద్దున బస్సుకు మీ ఊరొస్తాడు. ఈసారి ఎవరూ బిందె ముట్టుకోవద్దు! కాటమ్మత్తను ఇంట్లోనే కూర్చోబెట్టు.

మిర్యాలగూడ ఆఫీసు గుమస్తా నిన్న నా కొట్టుకు వస్తే కోపం పట్టలేక అతని మొహం మీదే చెప్పేశాను, సోమవారం ఎండిన కాలువకు ఫోటో తీయిస్తున్నాం చూసుకోండి అని. చెప్పకుండా ఉండాల్సిందేమో.

పాండు.


అనంతగిరి,
30 అక్టోబరు.

చిరంజీవి పాండుకు అక్క రాసేది. కూర్చుని చదువు.

సోమవారం తెల్లారగానే అలివేలు ఉరికొచ్చింది. "అక్కా, కాల్వల సప్పుడైతున్నది!" పోయి చూస్తే నీళ్లు. నురగతో, చెత్తతో, ఒక పాముతో సహా నీళ్లు! మీ బావ బట్టలతోనే కాలువలోకి దిగి నిలబడ్డాడు. ఏడుస్తున్నాడో మొహం కడుక్కుంటున్నాడో తెలియలేదు.

అంతలో జగన్మోహన్ మూడుకాళ్ల కెమెరా నెత్తిన పెట్టుకుని వచ్చాడు. కాలువ చూసి బిత్తరపోయాడు. "ఎండిన కాల్వ తియ్యమన్నడు గదమ్మా అన్న. గిప్పుడేం తియ్యాలె?" అన్నాడు. నాకేం తెలుసు?

అతను కెమెరా కాళ్లు పాతి, నల్లగుడ్డ కప్పేసరికి గట్టు మీద లస్కరు జానయ్య వచ్చాడు. తూముల తలుపులు ఎత్తేదీ దించేదీ అతనే. అటూ ఇటూ చూసి అడిగాడు:

"ఫోటో అయిందా అమ్మా?"

"ఎందుకు?" అన్నాను.

"పైనుంచి మాటొచ్చింది. పేపరోళ్లు వస్తున్నరు, కొసకు నీళ్లిడువుండ్రి, ఫోటో అయినంక సెప్పుండ్రి అన్నరు. అయితె తలుపు దించొస్త. పై ఊరోళ్లు లొల్లి జేస్తున్నరు."

పాండూ, ఆ మాట వినగానే గిరుక్కున వెనక్కి తిరిగాను. జగన్మోహన్ చేయి కెమెరా మూత మీద ఉంది. "తియ్యకు!" అని అరిచాను. నా అరుపుకు అతను ఎగిరిపడ్డాడు. జానయ్యతో, "ఫోటో కాలే. ఎండ సరిగ్గ లేదట" అన్నాను. ఎండ పెటపెటలాడుతోంది. జానయ్య ఎండను చూశాడు, నన్ను చూశాడు. "సరే, రేపొస్త" అని పోయాడు.

మరునాడు వచ్చాడు. "ఫోటో అయిందా?" మా అత్త ఇంకా చీర కట్టుకోలేదన్నాను. ఆ తర్వాతి రోజు బోనం వండలేదన్నాను. ఆ తర్వాత మబ్బు పట్టిందన్నాను. కాలువ ఆఫీసు జీపు కూడా ఒకసారి వచ్చింది. గట్టు మీద కెమెరాను దూరం నుంచే చూసి మళ్లిపోయింది. మీ బావ రాత్రీ పగలూ మడికి నీళ్లు కడుతున్నాడు, ఊరంతా కడుతోంది. జగన్మోహన్ మాత్రం మా ఇంట్లో తిని, కాలువ గట్టు మీద కూర్చుని, "నా స్టూడియో మూతపడ్డదమ్మా, నన్ను ఇడిసిపెట్టుండ్రి" అని బతిమాలుతున్నాడు. ఇతన్ని పంపితే నీళ్లు పోతాయి. ఉంచితే పాపం. ఏం చేయమంటావు?

లీలావతి.


సూర్యాపేట,
3 నవంబరు.

అక్కా,

నీ జాబు చదివి పెద్దగా నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది.

పత్రిక నుంచి టెలిగ్రాం వచ్చింది, ఎండిన కాలువ ఫోటో ఏదని. ఏం చెప్పను? నీళ్లు రాలేదని రాస్తే అబద్ధం. వచ్చాయని రాస్తే నిజమే, కాని ఆ నిజం అచ్చయిన మరునాడే మీకు నీళ్లుండవు. జరిగిందంతా రాద్దామంటే ఫోటో లేదు, ఫోటో లేనిదే వాళ్లు వేయరు, ఫోటో తీస్తే తలుపు దిగుతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పై ఊళ్లో వాళ్లు లొల్లి చేస్తున్నారన్నావు. నేను రాసింది నమ్మే కదా వాళ్లూ వరి వేసింది. అక్కడ ఎవరికన్నా పేపర్లో తమ్ముడుంటే ఏం రాస్తాడు? రాత్రంతా ఇదే ఆలోచన.

చివరికి పత్రికకు "మా వైపు వార్తలేమీ లేవు" అని తంతి ఇచ్చాను. విలేకరినయ్యాక ఆ మాట రాయడం ఇదే మొదలు.

జగన్మోహన్‌ను పంపించు. అతని స్టూడియో అటక మీద పాత కెమెరా ఒకటుంది, అద్దం పగిలింది, లోపల ఎలుకలు కొట్టాయి. దాన్ని కాళ్లతో సహా లక్ష్మయ్య కండక్టరు బస్సులో వేయిస్తున్నాను. నల్లగుడ్డ బాగా కిందికి కప్పు. దగ్గరికి ఎవరినీ రానివ్వకు.

వరి ఈనిందా? రాయి.

నీ తమ్ముడు.


అనంతగిరి,
18 నవంబరు.

చిరంజీవి పాండుకు,

కార్డు ముక్కే దొరికింది. వరి ఈనింది. గింజ పాలు పోసుకుంటోంది. మీ బావ నీ పేరు చెప్పుకుని కల్లు తాగాడు.

నువ్వు పంపిన పాత కెమెరా పెట్టె గట్టు మీద నిలబడి ఉంది. జానయ్య ఇప్పుడు అడగడం కూడా మానేశాడు. దూరం నుంచి చూసి, "ఇంకా కాలే గదా" అని తనే అనుకుని పోతున్నాడు. వాడికి తెలిసిందో తెలియలేదో నాకు తెలియదు.

నిన్న పొద్దున చూస్తే పెట్టెకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కాళ్ల దగ్గర దీపం పెట్టి ఉంది. మా అత్త పని. ఇదేమిటత్తా అంటే, ఆమె కూడా అయోమయంగానే చూసింది. "బోనమెత్తిననాడు రాలే, గిది నిలబడ్డనాడు వచ్చె. వచ్చే యేడు బోనం ఎవరికెత్తాలె లీలా? గంగమ్మకా, గీ పెట్టెకా?" అని అడిగింది.

పేపరాయనవు, నీకు తెలిస్తే రాయి. పేపర్లో కాదు, కార్డు మీద.

అక్క.